ఫలిత నిరోధం: జార్జ్ సైమన్ ఓమ్ జీవితకథ

సింగపూర్ దీవికి ఉత్తరపు కొసన, జొహోర్ జలసంధి ఒడ్డున ఉంది మా సెంబవాంగ్. ఒకప్పుడు ఇది బ్రిటిష్ వారి నౌకా స్థావరం. 1938లో ఇక్కడ పెద్ద డ్రై డాక్ తెరిచారు. 1968లో ఆ డాక్‌యార్డు సింగపూర్ ప్రభుత్వం చేతికి వచ్చి, సెంబవాంగ్ షిప్‌యార్డ్‌గా దశాబ్దాలపాటు ప్రపంచంలోని ఓడలకు మరమ్మతులు చేసింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల హౌసింగ్ బోర్డు ఫ్లాట్లలో మన తెలుగు కుటుంబాలు కూడా ఉంటున్నాయి. సాయంత్రమైతే ఆ ఇళ్లలో జరిగే పనుల్లో ముఖ్యమైనది పిల్లల హోంవర్కు.

ఇక్కడి సెకండరీ స్కూలు పిల్లలు ఫిజిక్సులో ఎఫెక్టివ్ రెసిస్టెన్స్ కనుక్కోమనే లెక్కలు చేస్తారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు అదే లెక్కను ఈక్వివలెంట్ రెసిస్టెన్స్ అంటారు. సెలవులకు వచ్చిన అమ్మమ్మో తాతయ్యో తెలుగు మీడియంలో చదివిన వారైతే, ఓహో, ఫలిత నిరోధమా అని గుర్తుపడతారు. పేర్లు మూడు, లెక్క ఒక్కటే. నిరోధాలు వరుసగా ఉంటే కూడాలి, పక్కపక్కన ఉంటే తలకిందులు చేసి కూడాలి, వచ్చిన దాన్ని మళ్లీ తలకిందులు చేయాలి. ఈ సూత్రం రానివారు మనలో తక్కువ. ఆ సూత్రం వెనక ఉన్న మనిషి ఎవరో, ఆయన దాని కోసం ఏం పోగొట్టుకున్నాడో తెలిసినవారు అంతకన్నా తక్కువ. ఆయన పేరు జార్జ్ సైమన్ ఓమ్. మన ఇంట్లో ప్రతి బల్బు ప్యాకెట్ వెనకా, ప్రతి ఛార్జర్ లోపలా ఆయన లెక్క ఉంది. ఆ లెక్క చెప్పినందుకు మాత్రం ఆయన ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చింది.

తాళాల కొట్టులో గణితం

ఓమ్ 1789 మార్చి 16న జర్మన్ దేశంలో, ఎర్లాంగెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్ తాళాలు చేసి బతికే పనివాడు. తల్లి మరియా ఎలిజబెత్ ఒక దర్జీ కూతురు. ఆ దంపతులకు పుట్టిన పిల్లల్లో పెరిగి పెద్దయినవారు ముగ్గురే: జార్జ్, తమ్ముడు మార్టిన్, చెల్లెలు ఎలిజబెత్ బార్బరా. జార్జ్‌కు పదేళ్ల వయసులో తల్లి పోయింది.

తండ్రి ఏ కాలేజీకీ వెళ్లలేదు. అయినా సొంతంగా పుస్తకాలు తెప్పించుకుని గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు నేర్చుకున్నాడు. పగలు ఆకురాయి పట్టి ఇనుము అరగదీసిన చేతులతోనే రాత్రి కొడుకులిద్దరికీ లెక్కలు నేర్పాడు. పెద్దవాడు బడిలో నేర్చుకున్నదాని కన్నా ఇంట్లో నేర్చుకున్నదే ఎక్కువ. ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే లాంగ్స్‌డార్ఫ్ అనే ఆచార్యుడు పదిహేనేళ్ల జార్జ్‌ను పరీక్షించి అబ్బురపడ్డాడు. ఒకే కుటుంబంలో ఎందరో గణితవేత్తలు పుట్టిన స్విట్జర్లాండు బెర్నూలీ వంశంతో ఈ తాళాలవాడి ఇంటిని పోల్చాడు. తమ్ముడు మార్టిన్ తర్వాత బెర్లిన్‌లో గణితాచార్యుడయ్యాడు కాబట్టి ఆ పోలిక మరీ వృథా పోలేదు.

1805లో జార్జ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఇక్కడ కథ మనకు బాగా తెలిసిన మలుపు తిరుగుతుంది. కుర్రవాడు చదువు పక్కన పెట్టి నృత్యాలు, మంచు మీద స్కేటింగు, బిలియర్డ్స్ ఆటలో పడ్డాడు. తండ్రికి కడుపు మండింది. తనకు దొరకని అవకాశాన్ని కొడుకు పాడుచేసుకుంటున్నాడని మూడు సెమిస్టర్లకే చదువు మాన్పించి స్విట్జర్లాండు పంపేశాడు. 1806లో పదిహేడేళ్ల జార్జ్ అక్కడ గాట్‌స్టాట్ అనే చోట బడిపిల్లలకు లెక్కలు చెప్పే పంతులయ్యాడు. ఆటలు అక్కడితో ఆగాయి. లాంగ్స్‌డార్ఫ్ సలహా మీద ఆయిలర్, లాప్లాస్ వంటి మహామహుల పుస్తకాలు సొంతంగా చదువుకున్నాడు. 1811లో ఊరికి తిరిగి వచ్చి అదే విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు.

డాక్టరేటు వచ్చింది కానీ తిండి రాలేదు. విశ్వవిద్యాలయంలో చిన్న ఉపన్యాసకుడిగా మూడు సెమిస్టర్లు పనిచేసినా ఆ జీతం చాలలేదు. 1813లో బాంబెర్గ్‌లో ఒక పేరులేని బడిలో చేరాడు. 1816లో ఆ బడి మూతపడింది. మరో కిక్కిరిసిన బడికి మార్చారు. ఆ రోజుల్లోనే జ్యామితి మీద ఒక పుస్తకం రాసి, దాన్ని ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విల్‌హెల్మ్‌కు పంపాడు. రాజుగారికి పుస్తకం నచ్చింది. 1817లో కొలోన్ నగరంలోని జెసూట్ హైస్కూలులో గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది. ముప్ఫై ఏళ్లకు చేరువవుతున్న ఓమ్ జీవితంలో అది మొదటి మంచి ఉద్యోగం. ఆ బడికి ఒక ప్రయోగశాల ఉంది. అదే ఆయన జాతకం మార్చింది.

మీటర్లు లేని రోజుల్లో కొలత

వోల్టా బ్యాటరీ 1800లో వచ్చింది. కరెంటు పారే తీగ పక్కన అయస్కాంత సూచి కదులుతుందని 1820లో ఆర్‌స్టెడ్ చూపించాడు. ఐరోపా అంతా విద్యుత్తు గురించే మాట్లాడుకుంటున్న కాలం అది. అయితే ఒక తీగలో ఎంత కరెంటు పారుతుంది, అది దేని మీద ఆధారపడుతుంది అన్న చిన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. వోల్టులు లేవు, ఆంపియర్లు లేవు, కొలిచే మీటర్లు అంతకంటే లేవు. ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ 1781 ప్రాంతంలో తన చేతులకే షాకు కొట్టించుకుని, ఆ నొప్పి ఎంతవరకు పాకిందో చూసి దాదాపు ఇదే సత్యాన్ని పట్టుకున్నాడు. కానీ ప్రచురించలేదు. మాక్స్‌వెల్ 1879లో ఆ కాగితాలు అచ్చువేసేదాకా లోకానికి తెలియలేదు.

కొలోన్ బడిలో పాఠాలు అయ్యాక మిగిలిన వేళల్లో ఓమ్ ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఇక్కడ తండ్రి కొట్టులో నేర్చిన పని అక్కరకు వచ్చింది. తనకు కావలసిన పరికరం తనే చేసుకున్నాడు. ఒక అయస్కాంత సూచిని సన్నని లోహపు పట్టీతో వేలాడదీశాడు. కింద తీగలో కరెంటు పారితే సూచి పక్కకు తిరుగుతుంది. పైన పట్టీని మెలితిప్పి సూచిని మళ్లీ మొదటి చోటికి తేవాలి. ఎంత మెలి తిప్పవలసి వచ్చిందో అదే కరెంటుకు కొలత.

1825లో ఆయన ఇచ్చిన మొదటి ఫలితం తప్పు. తీగ పొడవుతో పాటు కరెంటు ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని లాగరిథమ్ రూపంలో రాశాడు. తప్పు ఆయన లెక్కలో కన్నా బ్యాటరీలో ఎక్కువ ఉంది. ఆనాటి బ్యాటరీలు తీగ కలిపిన మరుక్షణం ఉరకలు వేసి, కాసేపటికే నీరసించేవి. కొలిచే వస్తువు నిలకడగా ఉన్నా కొలతకు ఆధారమే కదిలిపోతుంటే ఎవరైనా ఏం చేస్తారు? అప్పుడు పత్రికా సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఒక మంచి సలహా ఇచ్చాడు. కొద్ది ఏళ్ల కిందటే జేబెక్ కనిపెట్టిన వేడి బ్యాటరీని వాడమన్నాడు. రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల అతికించి, ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచితే చిన్నదైనా చెక్కుచెదరని కరెంటు వస్తుంది. ఓమ్ బిస్మత్, రాగి వాడాడు.

ఒక తీగకు సమానమైన సమస్తం

1826 జనవరిలో చేసిన ఆ ప్రయోగమే మన పిల్లల హోంవర్కుకు మూలం. ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు తీసుకున్నాడు. వాటి పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. ఒక్కొక్క తీగను తగిలించి మెలి ఎంతో రాసుకున్నాడు. 2 అంగుళాల తీగకు దాదాపు 327 భాగాలు వచ్చాయి. 34 అంగుళాలకు 134 పైచిలుకు. 130 అంగుళాలకు 48 పైచిలుకు.

తీగ పొడవు రెట్టింపైతే కరెంటు సగం కావాలి కదా? 2 అంగుళాల నుంచి 4 అంగుళాలకు వెళితే సగం కాలేదు, 300 దగ్గరే ఆగింది. మామూలు మనిషి అయితే ఇక్కడ వదిలేసేవాడు. ఓమ్ ఆలోచించాడు. కరెంటు పారేది నేను తగిలించిన తీగలోనే కాదు, బిస్మత్ కడ్డీలోనూ, అతుకుల్లోనూ, మిగిలిన వలయమంతటా పారుతోంది. అవన్నీ కూడా అడ్డు పెడతాయి. ఆ అడ్డంతటినీ కలిపి ఇదే రాగి తీగ ఇన్ని అంగుళాలకు సమానం అనుకుంటే? లెక్క వేశాడు. మిగిలిన వలయం మొత్తం 20¼ అంగుళాల తీగకు సమానమని తేలింది. ఒక స్థిర సంఖ్యను, ఆ 20¼ తో తీగ పొడవును కూడగా వచ్చిన మొత్తంతో భాగిస్తే చాలు. ఎనిమిది తీగల కొలతలూ దాదాపుగా సరిపోయాయి.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలని మనవి. లోహాలు వేరు, ఆకారాలు వేరు, అతుకులు వేరు. అయినా వాటన్నిటి బదులు ఒక్క తీగ ముక్కను పెట్టుకుని లెక్క వేయవచ్చు. బయటి కరెంటుకు తేడా తెలియదు. ఫలిత నిరోధం అన్న మాటకు అర్థం ఇదే. ఆయన ఆ మొత్తాన్ని తీగ పొడవులో చెప్పాడు, మనం ఆయన పేరుతోనే ఓమ్‌లలో చెబుతున్నాం. తేడా అంతే.

ఆ లెక్కలో ఉన్న కూడిక గుర్తే శ్రేణి సంధానం. 20¼ అంగుళాల అడ్డు దాటాక మరో 34 అంగుళాల అడ్డు దాటాలి, దారి ఒక్కటే, కాబట్టి కూడాలి. ఇక సమాంతర సంధానం. తీగ మందం పెరిగితే అడ్డు తగ్గుతుందని కూడా ఓమ్ తేల్చాడు. అడ్డుకోత వైశాల్యం రెట్టింపైతే నిరోధం సగమవుతుంది. ఇప్పుడు ఒకేలాంటి రెండు తీగలను పక్కపక్కన పెట్టండి. అవి రెండూ కలిసి రెట్టింపు మందమున్న ఒక తీగ కావా? అందుకే 10 ఓమ్‌ల తీగలు రెండు పక్కపక్కన ఉంటే ఫలితం 5 ఓమ్‌లు. కృష్ణా డెల్టా రైతుకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక తూము తరువాత మరో తూము కడితే నీరు తగ్గుతుంది, ఒక తూము పక్కన మరో తూము తెరిస్తే నీరు పెరుగుతుంది.

పిల్లల కోసం ఒక చిన్న లెక్క. 6 ఓమ్‌ల నిరోధం, 3 ఓమ్‌ల నిరోధం పక్కపక్కన ఉన్నాయి. ఆ జంటకు వరుసలో 4 ఓమ్‌ల నిరోధం ఉంది. 1/6 కు 1/3 కలిపితే 1/2. తలకిందులు చేస్తే 2 ఓమ్‌లు. దానికి 4 కలిపితే మొత్తం 6 ఓమ్‌లు. 12 వోల్టుల బ్యాటరీ పెడితే 2 ఆంపియర్లు పారుతాయి. జంటకు దక్కేది 4 వోల్టులు, మిగిలిన 8 వోల్టులు 4 ఓమ్‌ల నిరోధం తినేస్తుంది. గజిబిజిగా ఉన్న బొమ్మలో ముందు చిన్న జంటను పట్టుకుని ఒక్కటి చేయాలి, తరువాత దాని పక్కదాన్ని. అలా ఒక్కొక్క మెట్టు దిగితే చివరికి ఒక్క నిరోధం మిగులుతుంది.

ఇంట్లో ఉన్న ఓమ్

మన ఊళ్లలో పెళ్లి పందిళ్లకూ, వినాయక చవితి మండపాలకూ కట్టే రంగు దీపాల దండలను సీరియల్ సెట్లు అంటాం. ఆ పేరులోనే సిరీస్ ఉంది. పాత కాలపు సెట్‌లో 6 వోల్టుల బుడ్డి బల్బులు ఓ నలభై వరుసగా ఉండేవి. 230 వోల్టులను నలభై మంది పంచుకుంటే ఒక్కొక్కరికి 6 వోల్టుల లోపే. అందుకే అవి మాడిపోకుండా వెలిగేవి. అందుకే ఒకటి పోతే దండ మొత్తం ఆరిపోయేది. పోయిన బల్బు ఏదో వెతుక్కుంటూ రాత్రంతా గడిపిన మామయ్యలు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. ఇంట్లోని ఫ్యాన్లు, లైట్లు అలా కాదు. అవన్నీ సమాంతరం. వంటింట్లో బల్బు పోయినా హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

ఈ సమాంతరంలో ఒక ప్రమాదం కూడా ఉంది. సింగపూర్‌లోనూ, ఇండియాలోనూ ఇంటి కరెంటు 230 వోల్టులే. 2300 వాట్ల కెటిల్ నిరోధం 23 ఓమ్‌లు, అది 10 ఆంపియర్లు లాగుతుంది. 1150 వాట్ల ఇస్త్రీ పెట్టె నిరోధం 46 ఓమ్‌లు, అది 5 ఆంపియర్లు లాగుతుంది. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే ఫలిత నిరోధం 15⅓ ఓమ్‌లకు పడిపోతుంది. అంటే 15 ఆంపియర్లు. ఇక్కడి ప్లగ్గులో ఉండే ఫ్యూజు 13 ఆంపియర్లది. వస్తువులు పెరిగే కొద్దీ నిరోధం పెరగదు, తగ్గుతుంది. కరెంటు పెరిగి తీగ వేడెక్కుతుంది. ఈ ఒక్క విషయం పరీక్ష కోసం కాక ఇంటి కోసం పిల్లలకు అర్థమైతే చాలు, ఓమ్ కష్టం ఫలించినట్టే.

బెర్లిన్‌లో ఎదురుదెబ్బ

మళ్లీ ఆయన కథలోకి వద్దాం. 1826లో ఓమ్ సగం జీతం మీద ఒక ఏడాది సెలవు తీసుకుని తమ్ముడు ఉన్న బెర్లిన్ చేరాడు. ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లో వేడి ప్రవాహం మీద గొప్ప గ్రంథం అచ్చువేశాడు. వేడి ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పారినట్టే విద్యుత్తు కూడా పారుతుందని ఓమ్ భావించాడు. తన కొలతలన్నిటికీ ఆ గణితంతో పునాది వేసి, 1827లో గాల్వనిక్ వలయాన్ని గణితరీత్యా వివరించే పుస్తకం ప్రచురించాడు. ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి దొరకాలన్నది ఆయన ఆశ. ఆ ఆశకు పెట్టుబడి ఈ పుస్తకమే.

పుస్తకం నిలబడలేదు. ఆనాటి జర్మనీలో ప్రకృతిని తత్త్వచింతనతోనే తెలుసుకోవాలని నమ్మే పండితులకు పలుకుబడి ఎక్కువ. వారికి ఈ గణితం నచ్చలేదు. ప్రయోగాలే చాలునన్న వారికి అందులో గణితం ఎక్కువైంది. రాసినవాడు చూస్తే బడిపంతులు. ఒక పేరున్న విమర్శకుడు ఆ పుస్తకానికి ప్రకృతిలో ఆధారమే లేదన్నట్టు తీసిపారేశాడు. విచిత్రమేమంటే తీగలు, అయస్కాంత సూచి, మంచు గడ్డ ఉన్న ఎవరైనా ఆ లెక్క నిజమో కాదో ఒక్క రోజులో తేల్చుకోవచ్చు. అలా తేల్చుకున్న విమర్శకులు లేకపోయారు.

1828లో ఓమ్ కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. తరువాత అయిదారేళ్లు బెర్లిన్‌లో సైనిక పాఠశాలలో వారానికి కొన్ని గంటలు లెక్కలు చెబుతూ గడిపాడు. నలభై ఏళ్లు దాటుతున్న మనిషికి స్థిరమైన ఉద్యోగం లేదు, సంసారం లేదు. జీవితాంతం ఆయన పెళ్లి చేసుకోలేదు. నేర్పిన తండ్రి అప్పటికే కన్నుమూశాడు. వేరే దేశంలో, డిగ్రీ చేతిలో ఉండి, తగిన ఉద్యోగం కోసం సంవత్సరాల తరబడి దరఖాస్తులు పెట్టిన వారు మన సభల్లో ఎందరో ఉన్నారు. ఓమ్ పడిన బాధ ఏమిటో వారికి వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని లోకమంతా గుడ్డిది కాదు. లైప్‌జిగ్‌లో ఫెక్నర్ స్వయంగా ప్రయోగాలు చేసి ఓమ్ చెప్పింది నిజమని తేల్చాడు. రష్యాలో లెంజ్ ఆ సూత్రాన్ని తన పరిశోధనలకు వాడుకున్నాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ఓమ్‌కు భౌతికశాస్త్రం బోధించే ఉద్యోగం వచ్చింది. 1839లో ఆ సంస్థకు అధిపతి అయ్యాడు. అయినా తను కోరుకున్న విశ్వవిద్యాలయ పీఠం మాత్రం ఇంకా దూరంగానే ఉంది. ఈలోగా ఫ్రాన్సులో పూయే అనే శాస్త్రవేత్త అదే సూత్రాన్ని విడిగా పట్టుకోవడంతో, ఇది ముందు చెప్పినవారు ఎవరన్న చర్చ లేచింది. చిత్రంగా ఆ చర్చే ఓమ్ పేరును వెలుగులోకి తెచ్చింది.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

1841లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కాప్లే పతకం ఇచ్చింది. శాస్త్రవేత్తకు ఆ రోజుల్లో అంతకు మించిన గౌరవం అరుదు. పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. మరుసటి ఏడు సొసైటీ ఆయనను విదేశీ సభ్యుడిగా తీసుకుంది. సొంత దేశం ఇవ్వని గుర్తింపు పరాయి దేశం ఇచ్చాక, 1845లో బవేరియా అకాడమీ కూడా తలుపు తీసింది. అదే 1845లో కోనిగ్స్‌బర్గ్‌లో ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థి గుస్టావ్ కిర్కాఫ్, ఎంత చిక్కుగా అల్లిన వలయానికైనా పనికొచ్చే రెండు నియమాలు చెప్పాడు. ఒక కూడలిలోకి వచ్చే కరెంటు ఎంతో బయటికి పోయే కరెంటు అంతే. ఒక చుట్టు తిరిగి వస్తే వోల్టుల జమాఖర్చు సరిపోవాలి. శ్రేణి, సమాంతరం అని విడదీయలేని వలయాలకు ఈ నియమాలే శరణ్యం. అయితే ఓమ్ వేసిన పునాది లేకుండా ఆ మేడ లేవదు.

1849లో ఓమ్ మ్యూనిక్ వెళ్లి అక్కడి పరికరాల సంగ్రహాలయం బాధ్యతలు తీసుకుని, విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలు ఇచ్చాడు. 1852లో ప్రయోగాత్మక భౌతికశాస్త్ర పీఠం ఆయనదైంది. జీవితమంతా కోరుకున్న పదవి అరవై మూడేళ్ల వయసులో చేతికందింది. రెండేళ్లు తిరగకుండానే, 1854 జూలై 6న మ్యూనిక్‌లో ఆయన కన్నుమూశాడు.

ఆయన పోయాకనే ఆయన లెక్కకు అసలైన గిరాకీ వచ్చింది. కారణం టెలిగ్రాఫు. సముద్రం అడుగున వందల మైళ్ల తీగ వేశాక అది ఎక్కడో తెగిందనుకోండి. ఓడ ఎక్కడికి వెళ్లి వెతకాలి? తీగ మైలుకు 4 ఓమ్‌లు అనుకుంటే, ఒడ్డు నుంచి కొలిచిన నిరోధం 800 ఓమ్‌లు ఉంటే, తెగిన చోటు సుమారు 200 మైళ్ల దూరం. ఒడ్డున కూర్చున్న గుమాస్తా సముద్రగర్భంలోని లోపాన్ని వేలుపెట్టి చూపగలిగాడు. 1870-71లో మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కు ఇలాంటి తంతి వేశారు. ఆ రోజుల్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే. అంటే మన తెలుగు నేలనూ ఈ దీవినీ మొదట కలిపిన తీగ మంచిచెడ్డలు చూడటానికి కూడా ఓమ్ సూత్రమే ఆధారం.

వ్యాపారం పెరిగాక ప్రతి దేశానికీ ఒక కొలత ఉంటే కుదరదు. బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1861లో ఒక సంఘం వేసుకుని నిరోధానికి ప్రమాణం నిర్ణయించే పని మొదలుపెట్టారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ఓమ్ పేరును నిరోధపు ప్రమాణానికి స్థిరపరిచింది. 1893లో చికాగో మహాసభ ఒక ఓమ్ అంటే మంచు కరిగే ఉష్ణోగ్రతలో 106.3 సెంటీమీటర్ల పొడవున్న పాదరస స్తంభపు నిరోధమని నిర్వచించింది. మళ్లీ పొడవే. అంగుళాలతో మొదలైన లెక్క సెంటీమీటర్లలో స్థిరపడింది. 2019 నుంచి ఆ నిర్వచనం ప్రకృతిలోని మారని స్థిరాంకాల మీద నిలిచింది. గుర్తుగా మాత్రం గ్రీకు అక్షరం ఒమేగా మిగిలింది. ఇంగ్లీషు ఓ అక్షరం రాస్తే సున్నా అని పొరబడే ప్రమాదం ఉంది మరి.

మనకు మిగిలేది

ఓమ్ జీవితంలో అడ్డంకులన్నీ శ్రేణిలోనే వచ్చాయి. పేదరికం, తల్లి మరణం, ఆగిన చదువు, మూతపడిన బడి, తిరస్కరించిన పుస్తకం, ఒకదాని వెనక ఒకటి. శ్రేణిలో తప్పించుకునే దారి ఉండదు, ప్రతి అడ్డూ దాటవలసిందే. ఆయన దాటాడు. సమాంతరంగా నిలిచిన కొద్దిమంది, అంటే చదువు చెప్పిన తండ్రి, దారి చూపిన లాంగ్స్‌డార్ఫ్, సలహా ఇచ్చిన పోగెన్‌డార్ఫ్, కొలిచి చూసిన ఫెక్నర్ లేకపోతే ఆ ప్రవాహం ఎక్కడో ఆగిపోయేదేమో.

సమాంతర సంధానంలో ఒక చక్కటి విశేషం ఉంది. పక్కన చేర్చే నిరోధం ఎంత పెద్దదైనా సరే, అది ఎంత తక్కువ కరెంటును మోయగలిగినా సరే, చేరిన తరువాత మొత్తం నిరోధం తగ్గవలసిందే. 10 ఓమ్‌ల పక్కన 1000 ఓమ్‌లు పెట్టినా ఫలితం 10 కన్నా తక్కువే, దాదాపు 9.9. రెండేళ్లకొకసారి ఇలా కలుసుకునే మనందరికీ ఇది పనికొచ్చే లెక్క. తెలుగు నాలుగు ముక్కలే వచ్చిన పిల్లవాడైనా, ఏడాదికి ఒక్క గంట మాత్రమే ఇవ్వగలిగిన ఉద్యోగస్తురాలైనా పక్కన నిలబడితే చాలు, భారం తగ్గుతుంది.

ఈసారి పిల్లలు ఫలిత నిరోధం లెక్క ముందేసుకున్నప్పుడు జవాబు సరిచూసి లేచిపోకుండా, పక్కన కూర్చుని 20¼ అంగుళాల కథ చెప్పండి. శ్రేణి, సమాంతరం, నిరోధం అన్న మన మాటలు కూడా వారి చెవిన వేయండి. పరీక్షలో మార్కు పెరుగుతుందో లేదో గాని, కొలిచి చూడకుండా దేన్నీ కాదనకూడదన్న బుద్ధి మాత్రం నిలుస్తుంది. కొలోన్ బడిపంతులు మనకు వదిలి వెళ్లిన ఆస్తి అదే.